కరెంటు బిల్లు లెక్క: ఏది కొనాలో మీ శ్లాబును అడగండి

ఏప్రిల్ నెలలో తిరుపతి తిలక్ రోడ్డులోని ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో నిలబడినా వినిపించే ప్రశ్న ఒకటే: "ఇది కరెంటు ఎంత కాలుస్తుంది?" జవాబు కూడా ఒకటే: "ఫైవ్ స్టార్ సార్, బిల్లు పెద్దగా తెలియదు." కొన్నవారికి బిల్లు మే నెలలో బాగానే తెలుస్తుంది.

షాపువాళ్లను తప్పుపట్టి లాభం లేదు. నిజాయితీగా చెప్పాలనుకున్నా వాళ్లు చెప్పలేరు. ఒకే కంపెనీ ఏసీ, ఒకే గంటలు నడిచినా, ఒక ఇంట్లో యూనిట్‌కు ఆరున్నర రూపాయలు పడుతుంది, పక్కింట్లో ఎనిమిదిన్నర పడుతుంది. అందులో ఏసీ తప్పేమీ లేదు. ఆ ఇల్లు అప్పటికే ఏ శ్లాబులో, అంటే వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర పెరిగే మెట్లలో దేని మీద, ఉందన్నదే తేడా. అందుకే ఏ వస్తువు కొనాలన్నా రెండు సంగతులు తెలియాలి. అది నెలకు ఎన్ని యూనిట్లు అదనంగా కాలుస్తుంది? ఆ అదనపు యూనిట్లు మన బిల్లులో ఏ మెట్టు మీద పడతాయి? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. డబ్బు పోయేది రెండో ప్రశ్న దగ్గర.

ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కనెక్షన్లకు 2022–23 ధరల ఉత్తర్వుతో ఆరు శ్లాబులు వచ్చాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆ పైన 9.75. వీటికి తోడు యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం, కిలోవాట్ లోడుకు 10 రూపాయల స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, కాలాన్ని బట్టి మారే ఇంధన సర్దుబాటు చార్జీ ఉంటాయి. ధరలు ఎప్పుడైనా సవరించవచ్చు కాబట్టి చేతిలో ఉన్న బిల్లుతో ఒకసారి సరిచూసుకుని లెక్క మొదలుపెట్టండి. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ పై శ్లాబుల ప్రకారం, పన్నులూ సర్దుబాట్లూ కలపకుండా వేసినవి.

ఇక్కడ ఒక పాత భయం గురించి చెప్పాలి. "226వ యూనిట్ పడితే మొత్తం బిల్లు పై ధరకు పోతుంది" అని ఇప్పటికీ నమ్మేవాళ్లు ఉన్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. వాడకాన్ని బట్టి ఇళ్లను ఏ, బీ, సీ గ్రూపులుగా విడగొట్టిన రోజుల్లో గీత దాటితే నిజంగానే అన్ని యూనిట్లకూ ధర మారేది. ఆ గ్రూపులు 2022–23 ఉత్తర్వుతో రద్దయ్యాయి. ఇప్పుడు 226వ యూనిట్ ఒక్కదానికే 8.75 పడుతుంది, కింది 225 యూనిట్లకు కింది ధరలే. కాబట్టి నెలాఖరులో 224 దగ్గర ఫ్యాన్లు కట్టేసి చెమటోడ్చనక్కర్లేదు.

ఇప్పుడు ఒకే ఆవరణలో రెండు వాటాలు ఊహించుకోండి. కింది వాటాలో నలుగురు ఉంటారు, మామూలు నెలలో 200 యూనిట్లు కాలుతుంది. పై వాటాలో రిటైరైన పెద్దావిడ ఒక్కరే ఉంటారు, 80 యూనిట్లు. ఇద్దరూ ఒకే రకం ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ కొన్నారు. రాత్రి ఎనిమిది గంటలు నడిపితే, వేసవిలో రోజుకు 7 యూనిట్ల చొప్పున నెలకు 210 యూనిట్లు అనుకుందాం. కింది వాటా 200 నుంచి 410కి వెళుతుంది. శ్లాబుల ప్రకారం 867 రూపాయల బిల్లు 2,646 అవుతుంది. అంటే ఏసీ ఖర్చు 1,779. పై వాటా 80 నుంచి 290కి వెళుతుంది. 214 రూపాయల బిల్లు 1,586 అవుతుంది. ఏసీ ఖర్చు 1,371. యంత్రం అదే, యూనిట్లు అవే, నెలకు 400 రూపాయల తేడా.

కింది వాటావాళ్లు కొనే ముందు ఎలా లెక్క వేసి ఉంటారు? పాత బిల్లు 867ని 200తో భాగిస్తే యూనిట్ నాలుగు రూపాయల ముప్పై పైసలు. దాన్ని 210తో గుణిస్తే తొమ్మిది వందల చిల్లర. వచ్చింది దానికి రెట్టింపు. సగటు ధరతో వేసే లెక్క ఎప్పుడూ ఇలాగే ముంచుతుంది. కొత్తగా వచ్చే వస్తువు ఎప్పుడూ పై మెట్టు మీదే కూర్చుంటుంది కాబట్టి దాని ఖర్చును పై మెట్టు ధరతోనే కొలవాలి. పొదుపు చేసే వస్తువుకూ ఇదే సూత్రం: అది తగ్గించేది పై మెట్టు యూనిట్లనే.

యూనిట్లు కనుక్కోవడం

వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. ఇది అందరికీ తెలిసిందే. అయితే వస్తువు వెనుక రాసి ఉన్న వాట్లు అది లాగగలిగే గరిష్ఠం. ఫ్రిజ్ కంప్రెసర్ ఆగుతూ నడుస్తుంది, ఇస్త్రీ పెట్టె కాగగానే తనంతట తానే ఆగుతుంది, ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడ్డాక వేగం తగ్గిస్తుంది. వీటికి వాట్లను గంటలతో గుణిస్తే లెక్క అతిగా వస్తుంది. ఫ్యాను, బల్బు, టీవీ వంటివాటికి మాత్రం ఆ గుణకారం చాలు.

అసలు కొలత కావాలంటే గోడ మీద ఉన్న మీటరే చెబుతుంది. ఎలక్ట్రానిక్ మీటర్ మీద చిన్న ఎర్ర దీపం మిణుకుతూ ఉంటుంది. దాని పక్కనే యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. 3200 అని ఉంటే 3,200 సార్లు వెలిగితే ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపి, కొలవాల్సిన ఒక్క వస్తువే నడిపి, ఫోనులో ఒక నిమిషం పెట్టుకుని మిణుకులు లెక్కపెట్టండి. 3200 మీటర్‌లో ఒక్కో మిణుకుకు సుమారు 19 వాట్లు. పాత ఫ్యాను నిమిషానికి నాలుగు సార్లు మిణుకుతుంది, వెయ్యి వాట్ల హీటర్ 53 సార్లు. అన్నీ కట్టేశాక కూడా దీపం మిణుకుతూనే ఉంటే ఎక్కడో ఏదో ప్లగ్గులో మిగిలిపోయిందన్నమాట. చాలా ఇళ్లలో అది టీవీ సెట్‌టాప్ బాక్సు. చేత్తో తాకితే వెచ్చగా ఉంటుంది కూడా.

ఫ్రిజ్‌కు నిమిషం లెక్క పనికిరాదు. సంక్రాంతికి ఊరికి వెళ్లేటప్పుడు మిగతావన్నీ ఆపేసి, ఫ్రిజ్ మాత్రం వదిలి, తలుపు తాళం వేసే ముందు మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి. తిరిగి వచ్చాక మరోటి తీయండి. తేడాను రోజులతో భాగిస్తే మీ ఫ్రిజ్ నిజస్వరూపం బయటపడుతుంది. జనవరి చలిలో, తలుపు తీయకుండా వచ్చిన లెక్క అది. మే నెలలో ఇంకా ఎక్కువే ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఫ్యాన్లు: మొదట చూడాల్సినవి ఇవే

ఏసీ గురించి ఆలోచించినంతగా ఎవరూ ఫ్యాను గురించి ఆలోచించరు. శేషాచలం రాళ్లు పగలంతా కాగి రాత్రి ఆ వేడి వదిలే తిరుపతిలో ఏడాదిలో చాలా నెలలు ఫ్యాను ఆగదు. మామూలు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో నడిచే డీసీ మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దరిదాపుల్లో తీసుకుంటుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. ఆరు రూపాయల శ్లాబులో ఉన్న ఇంటికి 120 రూపాయలు, 8.75 శ్లాబులో 177, మూడు రూపాయల శ్లాబులో 60.

కొత్త ఇంటికి ఎలాగూ ఫ్యాన్లు కొంటుంటే, రెండు రకాల మధ్య వెయ్యి, పన్నెండు వందల తేడా ఉన్నా, ఆరు రూపాయల శ్లాబులో పది నెలల్లో తిరిగి వస్తుంది. ఆలోచించాల్సిన పనే లేదు. బాగా తిరుగుతున్న పాతదాన్ని పీకి మూడు వేలు పెట్టి కొత్తది బిగించాలంటే రెండేళ్లు పడుతుంది. అదీ హాల్లో, పడకగదిలో మాత్రమే. రోజుకు గంట తిరిగే వంటింటి ఫ్యానుకూ చుట్టాలొస్తే తప్ప తలుపు తీయని గదికీ అక్కర్లేదు. ఇంకొక మాట. మామూలు ఫ్యాను చెడిపోతే వీధి చివర వైండింగ్ షాపులో కెపాసిటర్ మార్చి పంపిస్తారు. బీఎల్‌డీసీ ఫ్యానులో సర్క్యూట్ బోర్డు పోతే కంపెనీ మనిషి రావాల్సిందే. వారంటీ ఎక్కువ ఏళ్లు ఇచ్చేదే తీసుకోండి, బిల్లు కాగితం దాచండి. ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు అదనపు లాభం ఒకటుంది: కరెంటు పోయినప్పుడు అదే బ్యాటరీ ఫ్యాన్లను రెట్టింపు సేపు తిప్పుతుంది.

కూలరా, ఏసీనా?

పైన చెప్పిన 200 యూనిట్ల ఇంటికే లెక్క వేద్దాం. 180 వాట్ల కూలర్ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే నెలకు 43 యూనిట్లు. బిల్లు 308 రూపాయలు పెరుగుతుంది. ఏసీకి 1,779. మూడు నెలల వేసవికి నాలుగు వేల నాలుగు వందల తేడా, కొనే ధరలో తేడా సరేసరి.

అయినా అందరికీ కూలరే కొనమని చెప్పను. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటేనే అది పని చేస్తుంది, బయటి గాలి లోపలికి రావాలి, లోపలి తేమ బయటికి పోవాలి. కిటికీలు లేని లోపలి గదిలో పెడితే గంటలో గది ఆవిరి గిన్నె అవుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు పొడిగా ఉంటాయి కాబట్టి బాగానే చల్లబరుస్తుంది. సాయంత్రం జల్లు పడి ఉక్కపోసిన రాత్రి మాత్రం కూలర్ చేతులెత్తేస్తుంది. పైగా రాత్రికి బకెట్ల కొద్దీ నీళ్లు పోయాలి. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధిలో ఉంటే ఆ నీటి ఖర్చునూ లెక్కలో కలపండి.

నా అభిప్రాయం ఇది: తిరుపతి కన్నా ఎత్తున ఉన్న చిత్తూరులో, రెండు వైపులా కిటికీలున్న ఇంట్లో కూలర్ చాలు. తిరుపతిలో పై అంతస్తులో, నేరుగా మిద్దె కింద పడుకునేవాళ్లకు, ఇంట్లో పసిబిడ్డలో ఆస్తమా ఉన్న పెద్దవాళ్లో ఉంటే ఏసీయే మేలు. కానీ ఏసీ కొనే ముందు మిద్దె మీద తెల్ల సున్నమో ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటో వేయించండి. ఆ తర్వాత ఏ యంత్రం పెట్టినా దాని పని తేలికవుతుంది.

మూడు స్టార్లా, ఐదు స్టార్లా?

స్టార్లను లెక్కపెట్టడం మానేసి, లేబుల్ మీద ఉన్న ఏడాది యూనిట్ల అంకె చూడండి. స్టార్ల కొలమానాన్ని కొన్నేళ్లకోసారి కఠినం చేస్తారు. ఒకప్పటి ఐదు స్టార్లు ఇప్పటి మూడో నాలుగో కావచ్చు, అందుకే పాత స్టాకును తగ్గింపు ధరకు అమ్మేటప్పుడు లేబుల్ మీది సంవత్సరం చూడాలి. అంకె మాత్రం అంకెగానే ఉంటుంది.

ఆ అంకె ఏడాదికి 1,600 గంటల వాడకానికి లెక్కగట్టినది. అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 200 రోజులు. ఒక ఏసీ మీద 800, మరొకదాని మీద 1,000 ఉందనుకోండి. మీరు వేసవిలో మూడు నెలలు రాత్రుళ్లు మాత్రమే వాడితే 720 గంటలు. తేడా 200 కాదు, 90 యూనిట్లు. 8.75 చొప్పున ఏడాదికి 790 రూపాయలు. ఐదు స్టార్ల దానికి ఏడు వేలు ఎక్కువ పెడితే తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు. ఇంటి నుంచే పని చేస్తూ పగలూ రాత్రీ కలిపి 1,600 గంటలు నడిపేవాళ్లకు ఏడాదికి 1,750 మిగులుతుంది, నాలుగేళ్లలో తేలిపోతుంది. మన మండు వేసవిలో రెండు యంత్రాలూ లేబుల్ లెక్క కన్నా కాస్త ఎక్కువే కాలుస్తాయి కాబట్టి ఆ తేడా కొంచెం పెరగవచ్చు, తీర్పు మారేంతగా కాదు. రాత్రి నిద్రకే ఏసీ అనుకునేవాళ్లు మూడు స్టార్ల ఇన్వర్టర్ ఏసీ తీసుకుని మిగిలిన డబ్బుతో రెండు గదుల్లో బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేయించుకోవడం మంచి బేరం. 2020 నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి. దాన్ని అక్కడే ఉంచి పైన ఫ్యాను తిప్పండి.

ఫ్రిజ్‌కూ ఇదే పద్ధతి, లెక్క మాత్రం ఇంకా సులభం, ఎందుకంటే అది ఏడాది పొడుగునా నడుస్తుంది. 160 యూనిట్ల లేబుల్‌కూ 220 యూనిట్ల లేబుల్‌కూ తేడా ఏడాదికి 60 యూనిట్లు, అంటే శ్లాబును బట్టి 360 నుంచి 525 రూపాయలు. అంతకు మించిన ఆశ పెట్టుకుని పది వేలు ఎక్కువ పోయకండి.

వేడినీళ్లకు రాడ్డా, గీజరా?

తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే ధనుర్మాసంలో, తెల్లవారుజామున స్నానం చేసే ఇళ్లలో ఈ చర్చ తప్పదు. "రాడ్డు చవక, గీజర్ కరెంటు మింగుతుంది" అంటారు. నీళ్లకు ఆ తేడా తెలియదు. ఇరవై లీటర్ల బకెట్‌ను 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి మూడో వంతు యూనిట్ పైచిలుకు, 0.35 కావాలి. 1,500 వాట్ల రాడ్డు దాన్ని పద్నాలుగు నిమిషాల్లో, 3,000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ ఏడు నిమిషాల్లో ఇస్తుంది. యూనిట్లు రెండింటిలోనూ ఒకటే. బకెట్‌కు రెండు, మూడు రూపాయలు.

తేడా వచ్చేది అలవాట్ల దగ్గర. పదిహేను లీటర్ల గీజర్‌ను పొద్దున ఆన్ చేసి సాయంత్రం దాకా మరిచిపోతే, వాడని నీళ్లనే మళ్లీ మళ్లీ కాచి పెడుతుంది. రాడ్డును మరిచిపోతే నీళ్లు సలసల కాగుతాయి, ఆపై ప్రమాదం. స్విచ్ ఆపకుండా నీళ్లలో చేయి పెట్టి షాక్ తగిలిన సంఘటనలు తక్కువేమీ కాదు. పిల్లలున్న ఇంట్లో రాడ్డు వద్దనడానికి కరెంటు లెక్కతో పని లేదు, ఈ ఒక్క కారణం చాలు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ లోపల ఉప్పు పేరుకుంటుంది, దాన్ని అప్పుడప్పుడు తీయించాలి. మే నెలలో మాత్రం ఏదీ అక్కర్లేదు, మిద్దె మీది ట్యాంకు నీళ్లే ఒళ్లు కాల్చేస్తాయి.

గ్యాసా, ఇండక్షనా?

శ్లాబు మహిమ కళ్లకు కట్టేది ఈ పోలికలోనే. 14.2 కిలోల సిలిండర్‌లోని వేడిలో మంచి బర్నర్ మూడింట రెండు వంతుల దాకా గిన్నెకు చేరుస్తుంది. ఇండక్షన్ పొయ్యి నూటికి 85 వంతులు చేరుస్తుందని తీసుకుంటే, ఒక సిలిండర్ చేసే వంటకు సుమారు 140 యూనిట్లు కావాలి. మీ సిలిండర్ ధరను 140తో భాగించండి. 900 రూపాయలైతే ఆరు రూపాయల నలభై పైసలు వస్తుంది. మీ పై శ్లాబు ఆరు రూపాయలో అంతకన్నా తక్కువో అయితే ఇండక్షన్ చవక. 8.75 అయితే గ్యాసే చవక. అంటే ఫిబ్రవరిలో ఇండక్షన్ మీద పాలు కాచుకోవడం లాభంగా ఉన్న ఇంటికి, ఏసీ నడిచే మే నెలలో అదే నష్టం. దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు అందే కుటుంబాలు ముందు వాటిని వాడుకోవడమే న్యాయం. ఆ మూడూ సరిపోనప్పుడే ఈ భాగహారంతో పని.

మిక్సీ, గ్రైండర్ విషయంలో కరెంటు గురించి ఎవరు మాట్లాడినా వినకండి. 150 వాట్ల గ్రైండర్‌లో అరగంట పిండి రుబ్బితే యూనిట్‌లో పన్నెండో వంతు కూడా కాదు, 750 వాట్ల మిక్సీలో అయిదు నిమిషాలకూ ఇంచుమించు అంతే. ఇడ్లీ మెత్తదనాన్ని చూసి ఎంచుకోండి. రోజంతా వెచ్చగా కూర్చునే పది వాట్ల సెట్‌టాప్ బాక్సు నెలకు ఏడు యూనిట్లు తింటుంది, వారానికోసారి తిప్పే గ్రైండర్ ఏడాదిలో కూడా అంత తినదు.

అద్దె ఇళ్లవారి లెక్క వేరు

తిరుపతిలో యూనివర్సిటీ చుట్టుపక్కల, బైరాగిపట్టెడ వంటి చోట్ల చాలామంది సబ్ మీటర్ మీద, అంటే యజమాని తన కనెక్షన్ నుంచే వాటాకు విడిగా పెట్టిన మీటర్ మీద ఉంటారు. యజమాని యూనిట్‌కు తొమ్మిదో పదో రూపాయలు ఒకే ధర కట్టి వసూలు చేస్తే మీకు శ్లాబులే లేవు. నలభై యూనిట్లు కాల్చినా, నాలుగు వందలు కాల్చినా పై మెట్టు ధరే. అప్పుడు పోలికలన్నీ తారుమారవుతాయి. బీఎల్‌డీసీ ఫ్యాను నెలకు 200 రూపాయలు మిగిలిస్తుంది, ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకెళ్లవచ్చు. ఇండక్షన్ గ్యాసు కన్నా ఖరీదవుతుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు అద్దెతో పాటు యూనిట్ ధర అడగండి. రెండు వందల యూనిట్ల కుటుంబానికి సొంత మీటర్‌కూ పది రూపాయల సబ్ మీటర్‌కూ నెలకు వెయ్యి రూపాయలకు పైగా తేడా ఉంటుంది. వెయ్యి తక్కువ అద్దె అని మురిసిపోయిన ఇల్లు అంత చవక కాకపోవచ్చు.

సోలార్ ఎవరికి?

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు, అంతకుపైన కిలోవాట్లకు 78 వేల రూపాయల కేంద్ర రాయితీ ఉంది. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుందనుకుంటే, రెండు కిలోవాట్లు నెలకు 240 యూనిట్లు. నెలకు 400 యూనిట్లు కాల్చే ఇంట్లో ఇవి 2,548 రూపాయల బిల్లును 627కు దించుతాయి, మిగిలేది 1,921. 200 యూనిట్ల ఇంట్లో బిల్లు మొత్తం పోయినా తగ్గేది 867 మాత్రమే. అవే ప్యానెళ్లు, సగం కన్నా తక్కువ ఆదా. మిగులు యూనిట్లు గ్రిడ్‌కు పోతాయి గానీ వాటికి మీరు కట్టే పై శ్లాబు ధర రాదు. ఏడాదిలో ఎక్కువ నెలలు 300 దాటే ఇల్లయితే వెంటనే దరఖాస్తు చేయండి, వేసవిలో తప్ప 225 దాటని ఇల్లయితే తొందర వద్దు.

దరఖాస్తుకు ముందు బిల్లు మీద పేరు చూసుకోండి. రాయితీ కనెక్షన్‌దారు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. పాత ఇళ్లలో కనెక్షన్ ఎప్పుడో పోయిన తాతగారి పేరు మీదే ఉండటం మామూలు. అలా ఉంటే ముందు కరెంటాఫీసులో పేరు మార్పించుకోవాలి, ఆ తర్వాతే ప్యానెళ్ల వాళ్లను పిలిచి ధర అడగండి.